కట్‌కు ఇంకో మాట

“కట్ అని రాయగూడదు. ఇంకో మాట చూడప్పా” అంటూ మేనేజర్ రాజ్‌కమల్ ప్రమాదం రిపోర్టు కాగితాన్ని గుమాస్తా బాలగోపాల వైపు తోసేశాడు.

తమిళనాడులో, రాజపాళయంలోని ఆ సర్జికల్ గుడ్డ మిల్లులో మూడు రోజుల కిందట, కటింగ్ సెక్షన్‌లో పనిచేసే వీరమ్మాళ్ చెయ్యి బ్లేడు కింద పడింది. సూపర్‌వైజర్ పెరుమాళ్సామి ఆమెను ఆటోలో నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయి, చెయ్యి కట్ అయిందనీ, కట్టు కట్టించేశాననీ ఫోన్లో చెప్పాడు. అంతకు మించి అతను చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు.

ఉన్నది ఉన్నట్టు రాస్తే వీరమ్మాళ్‌కు ఇ.ఎస్.ఐ. నుంచి బతికినన్నాళ్లూ పింఛను వచ్చే దారి ఉంది. కాకపోతే అలా రాస్తే, బ్లేడు మీద ఉండాల్సిన మూత ఏమైందన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆ మూత వల్ల పని నెమ్మదిస్తోందని దాన్ని ఊడదీయించింది రాజ్‌కమలే.

బాలగోపాల ఇంగ్లీషులో ఎం.ఏ. చదివాడు. మిల్లు నుంచి పోయే ఉత్తరాలన్నీ అతని చేతి మీదుగానే పోతాయి. బీరువాలోంచి అట్ట ఊడిన లావుపాటి డిక్షనరీ తీశాడు. కట్ అన్న ఒక్క మాటకే అందులో రెండు పేజీలున్నాయి. కరెంటు పోయినా కట్టే, జీతంలో కోసుకున్నా కట్టే, సినిమాలో సీను తీసేసినా కట్టే. ఇన్ని అర్థాలున్న మాట కదా సార్, ఇన్‌స్పెక్టర్ ఏదో ఒకటి అనుకుని పోతాడులే అని చెప్పి చూశాడు. రాజ్‌కమల్ ఒప్పుకోలేదు.

ఇంజురీ అంటే ఇ.ఎస్.ఐ. వాళ్లు పట్టుకుంటారట. వూండ్ అంటే రక్తం కళ్లకు కడుతుందట. లాసరేషన్ అంటే డాక్టరు సర్టిఫికెట్ ఏదీ అంటారట. నిక్ అంటే కుక్కకు పెట్టిన పేరులా ఉందట. ఇద్దరూ రెండేసి టీలు తాగారు. బాలగోపాలకు ఒక పక్క సిగ్గుగానే ఉంది, ఇంకో పక్క తన ఇంగ్లీషుకు ఇన్నాళ్లకు గిరాకీ వచ్చిందని హుషారుగానూ ఉంది. ఆ హుషారే అతన్ని చెడగొట్టింది.

“స్క్రాచ్ అని పెడదామా సార్?”

రాజ్‌కమల్ మొహం విప్పారింది. పోయిన నెల తన కారు తలుపు మీద స్క్రాచ్ పడనిచ్చాడని వాచ్‌మన్‌ను పనిలోంచి తీసేసిన మనిషికి, ఇవాళ అదే మాట ఎంతో చిన్నదిగా తోచింది. దాని ముందర స్మాల్ అని కూడా తగిలించమన్నాడు. బాలగోపాల టైపు చేశాడు.

వీరమ్మాళ్ పొద్దున్నే తళవాయిపురం నుంచి బస్సెక్కి వచ్చి, బయట బల్ల మీద కూర్చునే ఉంది. పిలిస్తే వచ్చి నిలబడింది. కుడిచేతికి మోచేతి దాకా తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. పదకొండేళ్లుగా ఆమె కోసి, పెట్టెల్లోకి ఎక్కిస్తున్న గుడ్డే అది. సార్, చెయ్యి, అని ఏదో చెప్పబోయింది. రాజ్‌కమల్ అరచెయ్యి ఎత్తి ఆపేసి, మన మాటలో చెప్పెయ్ అన్నాడు బాలగోపాలతో. మిల్లులో ఆర్డర్లన్నీ అరవంలోనే వేస్తారు. ముగ్గురూ ఇంట్లో మాట్లాడే తెలుగును ఆఫీసులోకి తెచ్చారంటే మనిషితో ఏదో అవసరం పడిందన్నమాట.

“చెయ్యి కొంచెం గీసుకొనింది అని రాసినామమ్మా. సోమారం వచ్చేసెయ్. గుడ్డ మడిచే పని ఇస్తారు” అన్నాడు బాలగోపాల.

“పింఛను వస్తాదని అందరూ చెప్పినారే సామీ?”

బాలగోపాల డిక్షనరీ మూసి బీరువాలో పెట్టే పనిలో పడ్డాడు. జవాబు రాజ్‌కమలే చెప్పాడు.

“నీ కూతురు కణ్మణి కూడా ఈడనే గదా పని చేసేది.”

కణ్మణి చేరి ఆరు నెలలైంది. ఇంకా పర్మనెంట్ కాలేదు. వీరమ్మాళ్ టేబులు దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు, సంతకం రాదు, రేగే, అంటే వేలిముద్రే వెయ్యాలి. బాలగోపాల ఇంకు పెట్టె మూత తీసి ముందుకు జరిపాడు. ఆమె ఎడమచెయ్యి చాపింది.

ఆ చెయ్యి కాదని రాజ్‌కమల్ విసుక్కున్నాడు. మగవాళ్లు ఎడమ బొటనవేలు, ఆడవాళ్లు కుడి బొటనవేలు వెయ్యాలి. మిల్లు పెట్టిన రోజు నుంచీ అదే పద్ధతి. ఇన్‌స్పెక్టర్ పాత కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తే ఎడమచేతి ముద్ర దొరికిపోతుంది. ఈ ఒక్కసారికి ఇది చాలదా సార్ అని ఆమె అడిగింది. చాలదన్నాడు.

“గీతే గదా పడింది. కట్టు విప్పి రేగ పెట్టు.”

వీరమ్మాళ్ ఒక క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత ముడిని పళ్లతో లాగి, ఎడమచేత్తో ఒక్కో చుట్టూ విప్పసాగింది. గుడ్డ టైపు చేసిన కాగితం మీద కుప్పగా పడుతోంది. మొదట తెల్లగా ఉంది, తర్వాత పసుపుపచ్చగా, ఆ తర్వాత నల్లగా. సాయం చెయ్యాలని బాలగోపాల చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. చివరి చుట్టు అతుక్కుపోయి ఉంది. ఆమె కళ్లు మూసుకుని లాగింది. ఆ చేతిని తెచ్చి ఇంకు పెట్టె పక్కన ఆనించింది.

గుడ్డ సందులోంచి స్మాల్ స్క్రాచ్ అన్న అక్షరాలు కనబడుతుంటే, బాలగోపాల దాన్ని ఇంకాస్త జరిపి వాటిని కప్పేశాడు.

“ఆ వేలు మీ బ్లేడు కిందనే పడిపోయినాది సార్” అంది వీరమ్మాళ్. “ఊడ్చేసుండకపోతే వెతికించి ఇయ్యండి, రేగ పెడతా.”