మూడు నకళ్ల దరఖాస్తు

తలుపు తీసిన వామన్‌రావు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఎదురుగా రిక్షా. అందులో సిలిండరు, అట్టపెట్టెలో గ్యాసు పొయ్యి. పక్కన గ్యాసు ఏజెన్సీలో ఫిట్టింగు పనిచేసే బీరయ్య.

"మీ పొయ్యి వచ్చింది సార్."

"మా నంబర్ ఇంక రెండేండ్లదాక రాదన్నరు గద!"

"వచ్చింది సార్. అమ్మను జర పక్కకు జరగమనుండ్రి."

ఆ రోజుల్లో గ్యాసు కనెక్షన్ కోసం పేరు రాయించుకుంటే ఏళ్లు పట్టేది. దబీర్‌పురా స్టేషను వెనక ఆ ఇంట్లో మాత్రం అంత వ్యవధి లేదు. వంటింటి మూల గచ్చుతో కట్టిన జోడు పొయ్యి, పొగ పోవడానికి జానెడు కిటికీ. ఇరవై ఏళ్లు ఆ పొగ మింగి వామన్‌రావు భార్య రమాబాయి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇంకో వానాకాలం కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే మనిషి దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అందుకే వామన్‌రావు నెలనెలా ఏజెన్సీకి పోయి, భార్య దగ్గు సంగతి నలుగురూ వినేలా మొరపెట్టుకునేవాడు. మూల స్టూలు మీద కూర్చునే బీరయ్య ఒక్కడే ఒకసారి, "పండుకుంటె ఎక్కువైతదా సార్?" అని అడిగాడు. ఫిట్టింగువాడికి ఇవన్నీ ఎందుకని వామన్‌రావు జవాబే ఇవ్వలేదు.

బీరయ్య చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. పాత పొయ్యి వైపు చూశాడు.

"ఇది తీసెయ్యాలె అమ్మా."

"ఉండనీ బీరయ్యా. మా అత్తమ్మ కట్టించింది. ఓ మూలకు పడి ఉంటది."

"సిలిండరున్న అర్రల నిప్పు ఉండొద్దు. ఇది ఉంటె మళ్ల ముట్టిస్తరు మీరు. నాకెరుకే."

రమాబాయి పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని తప్పుకుంది. అతను గడ్డపార ఎత్తాడు. గచ్చు పెళ్లలు కూడా తనే తట్టలో మోసి పారబోశాడు. ట్యూబు బిగించి, సబ్బు నురుగు పూసి, ఎక్కడా బుడగ లేవడం లేదని రెండుసార్లు చూసుకున్నాడు.

కొత్త పొయ్యి మీద పాలు పొంగినప్పుడు మాత్రం ఎందుకో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"రసీదేది? గ్యాసు పుస్తకమేది?" అన్నాడు వామన్‌రావు.

"పుస్తకం నా తాననే ఉంటది సార్. సిలిండర్ అయిపోతె నేనే తెస్త."

"మరి పైసలు?"

"ఆ ఫికర్ మీకొద్దు. అమ్మను మంచిగ చూసుకోండ్రి."

చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ వారం రమాబాయి కంటినిండా నిద్రపోయింది. పోయిందల్లా వామన్‌రావు నిద్రే. ఇరవై రెండేళ్ల సర్వీసున్న గుమాస్తా ఆయన. దేవుడు ప్రత్యక్షమై వరమిచ్చినా రసీదు అడిగే రకం.

"ఉట్టి పుణ్యానికి ఎందుకిస్తడే వాడు? దొంగ సిలిండరే ఇది. పోలీసులొస్తె నా నౌకరి పోతది."

"ఆ మనిషి దొంగ లెక్క కనబడ్తలేడు. మీ కాళ్లు మొక్కుత, ఊకోండ్రి. ఇప్పుడిప్పుడే ఊపిరాడుతున్నది నాకు."

ఊరుకుంటే గుమాస్తా ఎట్లా అవుతాడు? కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, ఈ సిలిండరు ఎవరిదో తేల్చమని మూడు నకళ్లలో దరఖాస్తు రాశాడు. ఒకటి ఏజెన్సీ మేనేజరుకు, ఒకటి పై ఆఫీసుకు, ఒకటి తన ఫైలులోకి. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఇంత ముత్యాల్లాంటి అక్షరాలతో నరుక్కున్నది ఈయనొక్కడే.

దరఖాస్తు పంపిన పదోరోజున ఏజెన్సీ రిక్షా మళ్లీ వచ్చింది. బీరయ్య రాలేదు. ఎవరో ఇద్దరు వచ్చి, ట్యూబు విప్పి, పొయ్యినీ సిలిండరునీ ఎత్తుకుపోయారు.

జోడు పొయ్యి ఉన్నచోట నల్లటి మరక ఒక్కటే మిగిలింది. రమాబాయి పెరట్లో రేకు కింద మూడు ఇటుకలు పేర్చి, తడికట్టెలు ఊదుతూ కూర్చుంది. ఊదినదానికన్నా దగ్గిందే ఎక్కువ.

ఆ దగ్గు వినలేక వామన్‌రావు ఏజెన్సీకి పరిగెత్తాడు.

"మా నంబర్ ఏమన్న ముందటికి జరుపుతరా సాబ్?"

"రెండేండ్లు పడ్తది," అన్నాడు మేనేజరు తలెత్తకుండా.

"మరి ఆ బీరయ్య?"

"తీసేసినం. ఒకరి కనెక్షన్ ఇంకొకరికిచ్చుడు రూలుకు ఖిలాఫ్. నా దాకా ఉంటె కడుపుల పెట్టుకుందును. మీరు పై ఆఫీసుకు గూడ కాయితం పెడ్తిరి."

"అంటే దొంగ మాలేనన్నట్టు."

మేనేజరు సొరుగులోంచి గ్యాసు పుస్తకం తీసి ముందు పెట్టాడు. కాగితం మీద ఉన్నది తప్ప మరేదీ నమ్మని వామన్‌రావు కళ్లజోడు సవరించుకుని చదివాడు.

పేరు: కాశమ్మ. భర్త: బీరయ్య.

వామన్‌రావు ఆ పేర్ల మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"పెండ్లాం పొయ్యి మాకు తెచ్చిచ్చిండా? ఆమె ఎట్ల ఊకున్నది?"

"చచ్చిన మనిషి పొయ్యంటె ముత్తైదువ ఇంట్లకు రానియ్యరని మీకు చెప్పలేదంట. ఈడనే పనిచేసుకుంట గూడ వాడు ఒక్కనాడు లైన్ తప్పి అడగలే సార్. కాశమ్మది గూడ గదే దగ్గు, వాళ్ల నంబరొచ్చేటాలకు ఆమె దినాలు నడుస్తున్నయి."