బొమ్మ వచ్చిందా?

యాంటెన్నా తిప్పడంలో మల్లికార్జునరావుని మించిన మొనగాడు అమెరికా యాభై రాష్ట్రాల్లోనూ లేడు. ఆయన కిటికీ దగ్గర నిలబడి రెండు వేళ్ళతో అలా కదిపితే చాలు, చంద్రమండలంలో వాన పడుతుందో లేదో కూడా టీవీలో తెలిసిపోతుంది.

"వచ్చిందా?" పడగ్గదిలోంచి కేకేశాడు.

"అచ్చింది! అచ్చింది!... పోయింది," అంది హాల్లోంచి పక్కింటి శేషమ్మ.

"ఇప్పుడో?"

"ఒకామె ముఖం సగం అచ్చి ఆగిందన్నా. నోరు తెరిచే ఉన్నది పాపం."

"కొంచెం ఎడమకి జరపనా?"

"జరుపు... అయ్యో, ఆమె కూడా పాయె!"

ఇది పంతొమ్మిదో రోజు. చూశారుగా మొనగాడి సంగతి! పైన నేను కాస్త ఎక్కువే కోతలు కోశాను, ఏమీ అనుకోకండి.

దూరాన ఫ్రిస్కో ఊళ్ళో ఉండే కూతురు రాగిణి, మోరిస్‌విల్‌లో ఒక్కడే ఉండే తండ్రికి అక్కణ్ణుంచే కేబుల్ తీసేయించింది. సినిమాలకీ సీరియళ్ళకీ యాప్‌లు పెట్టింది. ఇక్కడి వార్తలకీ వాతావరణానికీ ఓ యాంటెన్నా పార్సిల్ పంపింది. కాగితమంత పల్చన, కిటికీ అద్దానికి అతికించుకోవాలి. సిగ్నల్ అందే కిటికీ పడగ్గదిలో ఉంది, టీవీ హాల్లో ఉంది. అతికించేవాడికి బొమ్మ కనపడదు. యాప్‌లకి ఎవరూ అక్కర్లేదు గానీ, దీనికి మాత్రం రెండో మనిషి కావాలి.

మొదటిరోజు ఆయన ఆ గదికీ ఈ గదికీ పరుగులు పెడుతూ "వచ్చిందా? రాలేదు!" అని తనతో తనే అరుచుకుంటుంటే, గోడ అవతల శేషమ్మ విని వచ్చింది. కొడుకూ కోడలూ ఆఫీస్‌కి, పిల్లలు స్కూల్‌కి పోయాక, నాలుగింటి బస్సొచ్చేదాకా ఆవిడా ఒక్కతే.

"ఏందన్నా, ఎవరితోని కొట్లాట?" అంది గుమ్మంలో నిలబడి.

పావుగంటలో బొమ్మ వచ్చింది, అద్దంలా. టీ తాగి, కరీంనగర్ ఎండల గురించి గంటసేపు చెప్పి వెళ్ళింది.

మర్నాడు బొమ్మ పోయింది. పోక ఏం చేస్తుంది? ఆవిడ అటు వెళ్ళగానే మల్లికార్జునరావే యాంటెన్నాని ఊడబీకి జానెడు కిందికి అతికించాడు. అప్పట్నుంచి రోజూ అదే పని. మధ్యాహ్నం రెండున్నరకి పక్క తలుపు కొట్టి "మళ్ళీ పోయింది, చెల్లెమ్మా" అంటాడు. ఆవిడ వస్తుంది. వచ్చిందానికీ పోయిందానికీ మధ్య ఆవిడ మోకాళ్ళ నొప్పులూ, ఆయన బీపీ మాత్రలూ, గోంగూరలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్న తగువూ నడుస్తాయి.

ఆ పంతొమ్మిదో రోజునే రాగిణి ఫోన్ చేసింది. ఆయన హాల్లోకి వచ్చి స్పీకర్‌లో పెట్టాడు.

"నాన్నా, ఇంకా సెట్ కాలేదా? నైన్టీన్ డేస్! అది రిటర్న్ చేసెయ్. లోకల్ ఛానెల్స్ వచ్చే యాప్ ఇంకోటుంది, నేనిక్కణ్ణుంచే పెట్టేస్తా. నువ్వేం కదపక్కర్లేదు, ఆంటీని ఇబ్బంది పెట్టక్కర్లేదు."

"ఇవాళ వచ్చేస్తుందిలేమ్మా."

"రాకపోతే రేపు పెట్టేస్తా. ఓకే?"

బొమ్మ రాకపోతే యాంటెన్నా పోతుంది. వస్తే శేషమ్మని పిలిచే పని పోతుంది. ఎటు తిప్పినా పోయేది శేషమ్మే.

"నిజమే అన్నా. రోజూ నాతోని మీకు తిప్పలు," అంది ఆవిడ, కొంగు సర్దుకుంటూ.

"తిప్పలు నాకా? మీ మోకాళ్ళకి గానీ."

అక్కడితో మొహమాటం ఇద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చుంది. మల్లికార్జునరావు పడగ్గదిలోకి వెళ్ళి, మొదటిరోజు పెట్టిన చోటే పెట్టి, నాలుగు పక్కలా టేపు వేశాడు. గాలివానొచ్చినా కదలకుండా వేశాడు.

"వచ్చిందా?"

శేషమ్మ తెర దగ్గరికంటా వచ్చి చూసింది.

"అచ్చిందన్నా."

"పోలేదుగా?"

"పోలే. ఇగ పోదు."

ఆయన వంటింట్లో టీ మరగబెట్టి తెచ్చేసరికి ఆవిడ టీవీ పక్కన నిలబడి ఉంది. కూర్చోలేదు. రెండు గుటకలు తాగి, "పోయొస్త. ఇగ మీకు తిప్పలు లేవు," అని తలుపు తనే దగ్గరకి వేసి వెళ్ళిపోయింది. సగం టీ కప్పులోనే ఉండిపోయింది.

మర్నాడు రెండున్నరకి ఆయన టీవీ పెట్టాడు. తెర నల్లగా ఉంది. సిగ్నల్ లేదని ఓ ముక్క మాత్రం కనపడుతోంది. పడగ్గదిలోకి పరిగెత్తాడు. నాలుగు టేపులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. వైరు పట్టుకుని గోడవారనే వచ్చి టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాడు. వైరుని టీవీకి బిగించే మర పూర్తిగా విప్పి ఉంది. దాన్ని ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. నిన్న టీ మరిగేటప్పుడు అక్కడ నిలబడింది ఒక్కరే.

అప్పుడే తలుపు దగ్గర గొంతు వినిపించింది. "ఏందన్నా, బొమ్మ పోయిందా?"

ఇదంతా నిజమే, ఆ 'అప్పుడే' అన్న మాట ఒక్కటే నా కల్పన. శేషమ్మ వచ్చింది ఆ తర్వాత ఏడో రోజున. పిలవకుండా ఎట్ల పోవాలని మొహమాటపడిందట. ఆ వారమంతా మల్లికార్జునరావు మర బిగించలేదు, బొమ్మ బానే వస్తోందని రాగిణికి చెప్పి, రెండున్నరకల్లా తలుపు తీసిపెట్టుకుని ఆ నల్లటి తెర ముందే కూర్చున్నాడు.