డైరెక్టరుగారి పాఠకులు

మా ఆఫీసులో నలభై శాఖలకు నలభై బ్లాగులు, అన్నీ నేను చూసుకునే ఒకే సైటు కింద. మూడు వారాలుగా ఎవరు ఏ బ్లాగులో 'లాగిన్' నొక్కినా, తిన్నగా వెళ్లి డైరెక్టరుగారి బ్లాగులో 'దారి చూపేవాడే నాయకుడు' అనే వ్యాసం ముందు తేలుతున్నారు. ఎవరికీ ఒక్క ముక్క రాసే వీల్లేదు.

నిన్న పొద్దున్నే తల బద్దలు కొట్టుకుని, సెట్టింగుల్లో నక్కిన తప్పుడు అడ్రసు పట్టుకుని సరిచేశాను. డైరెక్టరుగారి బ్లాగుతో సహా అన్నీ తెరిచి చూసుకున్నాను.

ఇవాళ డైరెక్టరుగారు పిలిస్తే, మెచ్చుకుంటారని ఎగురుకుంటూ వెళ్లాను.

"ఏం పాడుచేశావయ్యా? మొన్నటిదాకా నా వ్యాసం రోజుకి రెండువేల మంది చదివేవాళ్లు. నిన్న ఒక్కడే! సాయంత్రంలోగా బాగుచెయ్యి."

"అలాగే సార్," అన్నాను.

ఆయనకెలా చెప్పను? ఆ ఒక్కడూ, లాగిన్ బాగైందో లేదో చూడ్డానికి వెళ్లిన నేనే.