బొమ్మలో దిద్దుబాటు

కొత్తగూడెం చివర, అడవి మొదలయ్యే కాడ, సునంద డీటీపీ షాపులో ఒక్కతే ఉంది. రాత్రి పదకొండయింది. ఫోన్ మోగింది.

"అక్కా, మా గురవయ్యన్న దినాలు ఎల్లుండే. కార్డు జల్దీ పంపు," అన్నడు వీరేందర్.

దశదినకర్మ కార్డు ఫార్మాట్‌లో కీ.శే. ముందే ఉంటది. పక్కన పేరు కొట్టి, జేపీజీ బొమ్మ చేసి, వాట్సాప్‌లో పంపింది. ఆ ఫార్మాట్లన్నీ పోయినేడు చనిపోయిన ఓనరు వాసు సార్ చేసినవే. "బొమ్మయినంక దిద్దలేం బిడ్డా," అనేటోడు, ప్రతి కార్డూ తనే చూసి.

పంపినంక ఫైలు చూసుకుంది. కీ.శే. వీరేందర్ అని కొట్టింది. బతికున్న మనిషి.

పంపిన బొమ్మ తెరిచింది. అందులో కీ.శే. గురవయ్య అని ఉంది. ఫైల్లో మాత్రం ఇంకా వీరేందరే.

వెనక సార్ కూర్చునే కుర్చీ కిర్రుమంది. ఆమె తిరిగి చూడలేదు. భయంతోపాటు కళ్లల్లో నీళ్లు తిరిగినయ్. ఖాళీ ఫార్మాట్ తెరిచి, కీ.శే. పక్కన 'వాసు సార్‌కి దండాలు' అని కొట్టి బొమ్మ చేసింది.

బొమ్మలో సార్ పేరుంది. దండాలున్నయ్. ఫైల్లో ఉన్న కీ.శే. మాత్రం లేదు.