నాలుగో జిగురు

"మూడోసారి, బాబూ!" అంటూ సామ్రాజ్యం గిటారును పనిబల్ల మీద పెట్టింది. రేపల్లె నుంచి తెనాలి దాకా ప్యాసింజరు రైల్లో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చిందావిడ. వెనకాలే ఆవిడ కూతురు శ్రావ్య, ఎప్పటిలాగే తనూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

గిటారు చేసిన వెంకట్ దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. పక్కచెక్క సరిగ్గా నడుం వంపు దగ్గర మడతకాజాలా పొరలుపొరలుగా విచ్చుకుంది.

అతని ఖర్మకొద్దీ, ఎదురు కుర్చీలో బాపట్ల నుంచి వచ్చిన జెన్నిఫర్ టీచరు కూర్చుని ఉంది. స్కూల్లో సంగీతం క్లాసుకు ఆరు గిటార్లు ఆర్డరివ్వడానికి వచ్చిందామె. ఆ ఆర్డరు దొరికితే షెడ్డు నిలుస్తుంది. లేదంటే తాళం వేసి, వేమూరులో బాబాయి దగ్గర గుమ్మాలు చేసుకోవడమే.

"ఇదేంటండీ, మూడుసార్లా?" అంది జెన్నిఫర్.

"చెప్తానండీ. ఒకటే పలకని ఇంత వంపు తిప్పితే పగిలిపోద్ది. అందుకని మూడు పల్చటి పొరలకి జిగురు రాసి, గిటారు ఆకారంలో కోసిన అచ్చుకి బిగిస్తాను. ఆరాక ఆ వంపు అలాగే నిలవాలి."

"నిలిచింది, చూస్తున్నాంగా," అంది సామ్రాజ్యం.

"మొదటిసారి తెల్ల జిగురు పెట్టాను. దానికి వేడి పడదు. రెండోసారి తోలు ఉడకబెట్టి తీసే పాతకాలం జిగురు. దానికి తేమ పడదు. మీ రేపల్లె గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ కదాంటీ..."

"మా రేపల్లె గాలి నీ గిటారు కోసం కొత్తగా వీచట్లేదయ్యా. మా చెక్కబీరువా ఆ గాలికే నలభై ఏళ్లుగా నిలబడుంది."

"మూడోసారి రెండు ట్యూబులు కలిపే జిగురు వాడాను. అది విడకూడదే! ఎండలోగానీ పెట్టారా?"

"ఎండలో మేం అప్పడాలు పెడతాం. గిటార్లు పెట్టం."

జెన్నిఫర్ నవ్వాపుకుంది. శ్రావ్య మాత్రం గోడకు వేలాడుతున్న, చెక్కలు బిగించే క్లాంపులను దీక్షగా చూస్తూ, "ఈసారి ఏ జిగురు పెడతారండీ?" అని అడిగింది.

"ఇంకొకటుందండీ. నిజాంపట్నం వైపు పడవలు చేసేవాళ్లు వాడతారు. నీళ్లలో ఉడకబెట్టినా విడదంటారు. కాకపోతే ముదురు ఎరుపు. పొరల మధ్యన గీతలా కనపడిపోద్ది. అందుకే ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు. పైగా వెంట్రుకంత సందున్నా అది పట్టదు. అచ్చు లోపలిదీ బయటిదీ రెండు ముక్కలుగా కొత్తగా కోసుకోవాలి. రెండు వారాలు పట్టుద్ది."

"మధ్యలో ఒకసారి వచ్చి చూసుకోవాలాండీ?" అంది శ్రావ్య.

"అక్కర్లేదండీ."

"గీత కనపడితే కనపడనీయండి సార్. పిల్లలు వాయించుకుంటారు గానీ గీతలు చూస్తూ కూర్చుంటారా?" అంటూ జెన్నిఫర్ లేచింది. "ఈ అమ్మాయి గిటారు బాగుచేసి ఇచ్చాక నెల్లాళ్లు చూస్తాను. నిలిచిందా, ఆరూ మీకే. విడిందా, విజయవాడలో కొనేసుకుంటాను. మీరు దాచిపెడితే లాభం లేదు, ఆంటీగారి నంబరు తీసుకుంటున్నాను."

సామ్రాజ్యం అడక్కముందే నంబరు చెప్పేసింది.

ఆ రెండు వారాలూ వెంకట్ కర్రీ పాయింటు సాంబారు తింటూ అచ్చు చెక్కాడు. లోపలి ముక్కా బయటి ముక్కా కలిపి బిగించి, మధ్యలో కాగితం కూడా దూరదని తేలేదాకా జిగురు డబ్బా మూత తియ్యలేదు. అచ్చుకు మైనం కాగితం చుట్టాడు. అది మరిచిపోతే గిటారును అచ్చుతో సహా రేపల్లె పంపాల్సి వస్తుంది. ఇరవై రెండు క్లాంపులు బిగించి, రోజున్నర దాని వంక చూడటానిక్కూడా భయపడ్డాడు. విప్పాక వంపు ఇసుమంతైనా కదల్లేదు. ఎర్ర గీత మాత్రం తిన్నగా, దిద్దినట్టుగా ఉంది. చూడగా చూడగా అదీ బాగానే ఉందనిపించింది.

గిటారు రేపల్లె వెళ్లింది. ఇదివరకు పదో రోజుకల్లా తిరిగొచ్చేది. ఈసారి పది గడిచాయి, ఇరవై గడిచాయి. వెంకట్ స్కూలు గిటార్లకు చెక్క ఎంచడం మొదలుపెట్టాడు.

ఇరవై మూడో రోజు పొద్దున షెడ్డు ముందు ఆటో ఆగింది. సామ్రాజ్యం ఒక్కతే దిగింది, చంకలో గిటారుతో. వెంకట్ చేతిలో చిత్రిక ఆగిపోయింది. రావాల్సిన ఆరు గిటార్లూ చూస్తుండగానే వేమూరులో ఆరు గుమ్మాలైపోయాయి.

"మళ్లీ విడిందా ఆంటీ?"

ఆవిడ గిటారును బల్ల మీద పెట్టింది. వెంకట్ నడుం వంపు వెంట గోరు పెట్టి చూశాడు. ఎక్కడా దిగలేదు. పైన వార్నీషు మాత్రం తెల్లగా బొబ్బలెక్కింది.

"ఎక్కడా విడలేదుగా! బ్రహ్మాండంగా ఉంది. మరెందుకు తెచ్చారు?"

"విడలేదనే తెచ్చాను బాబూ," అంటూ సామ్రాజ్యం కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిన్న బజారు నుంచి వచ్చేసరికి మా అమ్మాయి దీన్ని ఇడ్లీపాత్ర ఆవిరి మీద పట్టుకుని, విడట్లేదని ఏడుస్తోంది. ఇహ ఇక్కడికి రావడానికి దానికి వేరే దారి లేదుట, నీ జాతకం ఇలా ఇవ్వు."