కుందేలు వీపు

మే పన్నెండు. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలీ ముద్ద, ఎండుచేపల పులుసు. తినబోయే ముందు చేతులు కడుక్కోవడానికి ఒగోలా స్వెటర్ చేతులు మోచేతుల పైకి లాక్కున్నాడు. అక్కడే దొరికిపోయాడు.

పెద్దవాళ్లకి చిన్నవాళ్లు నీళ్లు పోయాలి కనక చెంబు డాక్టర్ అవుయోర్ చేతిలో ఉంది. ధార ఆగిపోయింది.

"ఏంటి పెద్దాయనా ఈ దద్దుర్లు?"

"దోమలు."

"ఈ కిసుము ఊళ్లో దోమలు అందర్నీ కుడతాయి. ఇలా గుండ్రంగా, డబ్బా బోర్లించినట్టు కుట్టవు."

ఒగోలా స్వెటర్ చేతులు కిందికి లాక్కున్నాడు. వాళ్లిద్దరూ పనిచేసే ప్రయోగశాలలో మలేరియా పరిశోధన కోసం దోమల్ని పెంచుతారు. వాటికి రక్తం కావాలి. కుందేలు వీపు గొరిగి, దోమలున్న వల డబ్బాని దాని మీద బోర్లించి పట్టుకోవాలి. ఆ పని ఒగోలాది. కొంతకాలంగా ఆ కుందేలు వీపు మీద ఒక్క కాటూ లేదు. దోమల కడుపులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. జంతువుల డాక్టరుగా కొత్తగా చేరిన అవుయోర్‌కి సంగతి ఇప్పుడు అర్థమైంది.

"ఇవి ఇక్కడే పుట్టిన దోమలు డాక్టరమ్మా. వీటికి జబ్బు లేదు."

"నేనడిగేది అది కాదు. మనిషి చెయ్యి పెట్టాలంటే పైవాళ్ల అనుమతి కావాలి."

"కుందేలుకి?"

"ఎప్పుడో ఇచ్చేశారు."

"దాన్నడిగా?"

ఆమె చెంబు పక్కన పెట్టింది.

"మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి నాకేదీ పెద్దగా తెలియడం లేదు," అన్నాడు ఒగోలా. "కుట్టినా తెలీదు. దానికి తెలుస్తుంది. కుడుతున్నంతసేపూ చెవులు వణుకుతాయి. ముసల్ది."

"అంత జాలి ఉంటే ఇంటి దగ్గర కోళ్లు పెంచుకోండి." అవుయోర్ చెయ్యి చాపింది. "దోమల గది తాళంచెవి ఇటివ్వండి. ఎవరికీ చెప్పను. రేపట్నుంచి మీరు బయట గడ్డి కొయ్యండి. దోమల సంగతి నేను చూసుకుంటాను."

"నెమ్మదిగా పట్టుకోండమ్మా దాన్ని."

"నాకు నేర్పక్కర్లేదు. తినండి, చల్లారిపోతోంది."

ఒగోలా గడ్డి కోశాడు. సాయంత్రాలు డాక్టరు తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని ఆ గదిలోకి వెళ్లేది. కాసేపటికి మొహంలో ఏ మార్పూ లేకుండా బయటికొచ్చేది.

"దోమలెలా ఉన్నాయమ్మా?"

"కడుపు నిండుగా."

కుందేలు గురించి అడగడానికి నోరు రాలేదు. పనికిరాకపోతే సూది పొడిచి చంపేస్తారు. పనికొస్తే కుట్టిస్తూనే ఉంటారు. ఏది కోరుకోవాలో అతనికి తెలియలేదు.

వానలు తగ్గాక ఒక సాయంత్రం సరస్సు చేప వేయించుకుని, ఉగాలీ మూటగట్టి తెచ్చాడు.

"లంచమా?" అంది అవుయోర్.

"లంచమైతే ముళ్లు తీసి తెచ్చేవాణ్ని."

ఆమె పెదవి కొంచెం కదిలింది. ఒగోలా చెంబు అందుకున్నాడు.

"మీరు పొయ్యకూడదు పెద్దాయనా."

"అడగడానికి వచ్చాను. ఇవాళ చిన్నవాణ్ని నేనే. ఒక్కసారి దాన్ని చూసి పోతాను." చెంబు వంచబోయి ఆగాడు. "కోటు చేతులు పైకి లాక్కోండి, తడుస్తాయి."

"తడవనివ్వండి."

తడిసిన చేతుల కోటుతోనే తింది. తిన్నాక తాళం తీసి లోపలికెళ్లి, కుందేల్ని తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"కాసేపు గడ్డిలో తిప్పండి."

ఒగోలా దాని వీపు నిమిరాడు. వేళ్లు మునిగేంత బొచ్చు.

"దీన్ని గొరగలేదా?"

"తీరలేదు."

"పనికిరాదని రాసేశారా?"

"లేదు."

"మరి దోమలో?"

అవుయోర్ తడికోటు చేతులు మోచేతుల పైకి లాక్కుని, దోమల గదిలోకి వెళ్లి, తలుపు మెల్లిగా మూసుకుంది.