కొత్తవాళ్ళ కొండ

ట్రావెల్ ఏజెన్సీ తలుపు తోస్తూనే ఇల్లాలు తన ఆఖరి మాట చెప్పేసింది. ఈసారి కూడా తప్పు కొండ ఎంచుకుంటే ఇక మంచు ఊసే ఎత్తకూడదు. నోరు మూసుకుని వాళ్ళ అన్నయ్య ఊరికి పోవడమే.

బావగారంటే ఇంటాయనకు గౌరవమే, కాకపోతే దూరం నుంచి. దగ్గరికి చేరితే "నేను ముందే చెప్పానా" అనే మాటను పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి మింగాల్సి వస్తుంది. అది తలుచుకుంటేనే ఆయనకు అన్నం సయించడం లేదు.

వాళ్ళ వెనకే పదహారేళ్ళ కూతురు నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల భుజం ఆసరాగా ఇంటాయన తల్లి, మామ్మ, వచ్చింది. నలుగురూ కౌంటర్ ముందు కుర్చీల్లో సర్దుకున్నారు.

కౌంటర్ వెనకున్నావిడ ఇరవై ఏళ్ళుగా జనాన్ని ఊళ్ళు తిప్పుతున్న మనిషి. ఒక్క చూపు చూస్తే చాలు, ఏ కుటుంబానికి ఏం కావాలో చెప్పేయగలనని ఆవిడ ధీమా.

"మీలో స్కీయింగ్ ఎవరికి వచ్చు?" అనడిగింది.

"ఎవరికీ రాదండీ. మంచు మీద తిన్నగా నాలుగడుగులు వేస్తే అదే గొప్ప," అన్నాడు ఇంటాయన.

పోయినేడు పేరు చూసి మోసపోయిన సంగతి ఇల్లాలు వివరంగా చెప్పుకొచ్చింది. ఈయనగారు ఏరికోరి పట్టిన కొండ అది. అక్కడికొచ్చేవాళ్ళంతా కాకలు తీరినవాళ్ళే. గోడలాంటి వాలు మీంచి రయ్యిమని దిగిపోతుంటే వీళ్ళు నలుగురూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. చేయడానికి పనంటూ లేదు. మామ్మకు పేకాటలో చేయి తిరగడం ఒక్కటే దక్కిన లాభం. అన్నయ్య ఫోన్లో పడీ పడీ నవ్వాడట.

కౌంటరావిడ జాలిపడింది. తన దగ్గరున్న వాటిలోకెల్లా సుకుమారమైన రిసార్ట్ బొమ్మలు తీసి వాళ్ళ ముందు పరిచింది. అక్కడ మంచు దూదిలా ఉంటుందట. పోయినేడంతా ఒక్కరికైనా గీరుకుపోయిందంటే ఒట్టట. వీళ్ళ మొహాలు వెలిగిపోతాయనుకుంటే, నలుగురివీ ఒక్కసారే ముడుచుకుపోయాయి.

"మరీ అంత మెత్తగా ఉంటే ఎలాగండీ?" అంది ఇల్లాలు మెల్లిగా.

నేర్చుకుంటే గట్టిగానే నేర్చుకోవాలనే రకం కాబోలనుకుని ఆవిడ ఇంకోటి తీసింది. అందులో కుర్రకారు గుంపులు గుంపులుగా కేకలు పెడుతున్నారు. ఇంటాయన చూడకుండానే పక్కకు తోసేశాడు. పెళ్ళాం పిల్లలతో వచ్చేవాళ్ళుండే చోటు కావాలన్నాడు. కుర్రాళ్ళు ఎవరి మాటా వినరు, ఏదైనా అయితే చూసుకునేవాళ్ళు పక్కనుండరు అని ఇల్లాలు అందుకుంది. కౌంటరావిడ పదహారేళ్ళ పిల్ల వంక ఓసారి చూసి, అర్థమైందన్నట్టు తలూపింది. ఆడపిల్లను కన్నాక ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి మరి.

మూడోది అన్ని విధాలా బాగుంది. విమానాశ్రయం దూరం దగ్గరే బెడిసికొట్టింది. అక్కడికి రెండున్నర గంటల మలుపుల రోడ్డు.

"కాలు ముడుచుకోలేనివాళ్ళు రెండున్నర గంటలు కార్లో ఎలా కూర్చుంటారమ్మా?" అన్నాడు ఇంటాయన.

ఆవిడ చూపు మామ్మ మోకాళ్ళ మీద పడింది. మామ్మ చటుక్కున కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది. ఈలోగా కూతురు నోట్‌బుక్ తెరిచి, వారానికి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎంతమంది వస్తారని ప్రతి రిసార్ట్‌కీ విడివిడిగా అడగడం మొదలుపెట్టింది. పాపం, పిల్లకు తన ఈడు తోడు కావాలనుకుని ఆవిడ ఓపిగ్గా లెక్కలు తీసి చెప్పింది.

గంట గడిచింది. టీలు రెండుసార్లు వచ్చాయి. ఇల్లాలు అన్నయ్యకు ఫోన్ చేయడానికన్నట్టు సంచీలో చేయి పెట్టింది. ఇంటాయన గబగబా ఇంకో బొమ్మ ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు ఆవిడ సొరుగు అడుగు నుంచి ఓ పల్చటి కాగితం లాగింది. పెద్దగా పేరు లేని చిన్న రిసార్ట్ అట. విమానాశ్రయం నుంచి ఇరవై నిమిషాలు, తిన్నని రోడ్డు. వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది జన్మలో మంచు తొక్కనివాళ్ళే, అందరూ కుటుంబాలతో వచ్చేవాళ్ళే. నేర్పేవాళ్ళు మాత్రం ముగ్గురే కాబట్టి కాస్త సర్దుకోవాలంది. కూతురు రాయడం ఆపేసి తల్లి వంక చూసింది. తల్లి సంచీలోంచి చేయి తీసేసింది.

కాని కౌంటరావిడకు మనస్సాక్షి అడ్డొచ్చింది. బేరం పోతే పోయిందనుకుని ఉన్నమాట చెప్పేసింది.

"ఒక్క లోపం ఉందండీ. ఆ దరిదాపుల్లో ఆస్పత్రంటూ లేదు. ఏదైనా అయితే పక్క ఊరికి పరిగెత్తాల్సిందే."

ఇంటాయనకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి ఇల్లాలు నలుగురిలో ఆయన చేయి పట్టుకుంది. ఇంకేం ఆలోచించకుండా ఖాయం చేసేయమని మామ్మ తొందరపెట్టింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి కుటుంబాన్ని ఆవిడ చూడలేదు. అయినా మనకెందుకులే అని కంప్యూటర్ వైపు తిరిగి, ఎన్నాళ్ళకని అడిగింది. మంచు కరిగేదాకా అన్నారు నలుగురూ ఒకేసారి. అంత పెద్ద బుకింగ్ చూసి ఆవిడ పొంగిపోయింది.

"అయితే మీకు పై అంతస్తులో ఇప్పిస్తానండీ. మంచమ్మీద పడుకునే కొండంతా చూడొచ్చు."

"పైన వద్దు, కింద వీధి వైపే ఇప్పించు తల్లీ," అన్నాడు ఇంటాయన, "కాళ్ళు విరిగినవాళ్ళు అన్ని మెట్లెక్కి మా ఎముకల ఆస్పత్రికి ఎలా రాగలరు?"